ముందటి సీడీ, తర్వాతి డబ్బా

ఒకటో నంబరు డబ్బా మీద వేణువు బొమ్మ ఉంది. లోపల ఉన్నది వయొలిన్ సీడీ.

మాస్టారు ఆశ్చర్యపోలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఏ డబ్బాలోనైనా దాని మీద రాసిన సరుకే ఉన్న సందర్భం ఆయనకు గుర్తులేదు. సూదుల డబ్బాలో మాత్రలు ఉండేవి, మాత్రల డబ్బాలో గుండీలు ఉండేవి. గుండీల డబ్బాలో ఏముండేదో ఆయన ఎన్నడూ కనుక్కోలేకపోయారు, ఎందుకంటే ఆ డబ్బాయే దొరికేది కాదు.

వయొలిన్ సీడీని అంచులు పట్టుకుని తీసి, కాపీ చేసే డ్రైవులో పెట్టి, లోపలికి నెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

“చేతులు కట్టుకోనక్కర్లేదు బావా. అది నిన్నేం ప్రశ్నలడగదు,” అంది మరదలు.

“ఎంతసేపు పడుతుంది?”

“ఒక్కోదానికి ఏడెనిమిది నిమిషాలు. ఈలోపు నువ్వు పేపర్లు దిద్దుకోవచ్చు.”

“రెండు పనులు ఒకేసారి చేస్తే రెండూ చెడతాయి.”

“మా అక్క ఎలా వేగిందో నీతో!” అంది మరదలు. అనేశాక నాలిక కరుచుకుంది.

మాస్టారు దాన్ని జవాబు చెప్పవలసిన ప్రశ్నగానే తీసుకుని కాసేపు ఆలోచించారు. “తలుపు వేసుకునేది,” అన్నారు.

ఆ తలుపు ఇంకా వేసే ఉంది. దాని వెనక ఉన్నది ఆయన భార్య పని గది. ఆవిడ కట్టుడు పళ్ళు చేసేది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ నిలబెట్టి, ఎవరి నోటికి తగ్గ నవ్వు వాళ్ళకు తయారు చేసి పంపేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆ గదిలో పాట ఉండాల్సిందే. మాస్టారు హైస్కూల్లో జాగ్రఫీ చెబుతారు. ఇంటికొచ్చాక ఆయనకు నిశ్శబ్దం కావాలి. మధ్యలో ఆ తలుపు ఉండడం వల్ల ఇద్దరికీ ఎవరికి కావలసింది వాళ్ళకు దొరికింది.

ఆవిడ పోయి మూడు నెలలయింది. వెనక మూడువందల పన్నెండు సీడీలు మిగిలాయి. లైబ్రరీకి ఇచ్చేయమని ఆవిడే చెప్పింది. ఇవ్వకపోతే మాస్టారు వాటిని గుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంటారని ఆవిడకు తెలుసు. ఇచ్చే ముందు అన్నిటినీ కాపీ చేసి పెట్టుకోవాలన్నది మాత్రం మరదలి పట్టుదల. ఆసుపత్రుల్లో స్కానింగు మిషన్లు బాగుచేసే ఉద్యోగం ఆమెది. ఇంట్లో మనుషులనూ మిషన్ల లాగే మాట్లాడిస్తుంది. ఒక ఆదివారం వచ్చి హాల్లో అరచేతి మందాన, సీడీ డ్రైవు ఉన్న ఓ నల్ల పెట్టె పెట్టింది. వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి, హాల్లో ఒకటి చిన్న స్పీకర్లు అమర్చింది. పాటలన్నీ పెట్టెలో ఉంటాయని, ఫోనులో నొక్కితే ఏ గదిలో కావాలంటే ఆ గదిలో వినిపిస్తాయని రెండుసార్లు చెప్పింది.

“కాపీ చేస్తే కొంత పోతుంది కదా?”

“మామూలుగా చేస్తే పోతుంది. ఇందులో ఏదీ పోదు. ప్రతి ముక్కా రెండుసార్లు చదువుతుంది. రెండుసార్లూ ఒకేలా వస్తేనే రాసుకుంటుంది. ఆపైన ఇదే సీడీని ఇంకెక్కడో ఇంకెవరో కాపీ చేసుంటారు కదా, వాళ్ళకొచ్చిన లెక్కతో కూడా సరిచూస్తుంది.”

“పక్కవాడి పేపరు చూస్తుందన్నమాట.”

“తన పేపరు పూర్తిగా రాశాకే చూస్తుంది బావా.”

అదయితే మాస్టారికి అభ్యంతరం లేదు.

లైబ్రేరియన్ కూడా ఆయనకు నచ్చాడు. నెలాఖరు శనివారం తెమ్మన్నాడు. డబ్బా మీద ఏముందో లోపల అదే ఉండాలని, ఒక్కటి తేడా ఉన్నా తీసుకోనని చెప్పాడు. లోకంలో ఇంకా ఇలాంటి మనుషులు ఉన్నారని మాస్టారు ఆ రోజు ఇంటికొచ్చి మరదలికి ఫోను చేసి మరీ చెప్పారు.

ఆయన హాల్లో నేల మీద రెండు దుప్పట్లు పరిచారు. ఒకటి నుంచి మూడువందల పన్నెండు దాకా చీటీలు రాసి వరసగా పెట్టారు. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని పని మొదలు. అరలోంచి డబ్బా తీయడం, లోపల ఏది ఉంటే దాన్ని కాపీ చేయడం, ఫోను తెర మీద పేరు చూసి ఆ సీడీని దాని సొంత నంబరు చీటీ మీద పడుకోబెట్టడం, ఖాళీ డబ్బాను పక్కన పేర్చడం. అన్నీ అయ్యాక ఎవరి డబ్బాలో వాళ్ళను చేర్చవచ్చు. నాలుగు రోజుల్లో అరవై ఒకటి అయ్యాయి. వాటిలో ముప్పాతిక వంతు తప్పు డబ్బాల్లో ఉన్నాయి.

ఈ చిందరవందరకు మూలం ఆయనకు తెలుసు. ఆవిడ చేతులకెప్పుడూ ప్లాస్టర్ ఉండేది. రెండు వేళ్ళు మాత్రం శుభ్రంగా ఉంచుకునేది. ఆ రెండు వేళ్ళతో కొత్త సీడీ డబ్బా తెరిచి, ప్లేయర్లోంచి పాతది తీసి, కొత్తది అందులో పెట్టి, చేతిలో మిగిలిన పాతదాన్ని ఎదురుగా తెరిచి ఉన్న ఆ కొత్తదాని డబ్బాలోనే పెట్టి మూసేసేది. పాతదాని డబ్బా ఎక్కడుందో వెతికి దానికి కూడా ప్లాస్టర్ అంటించడం ఎందుకని ఆవిడ వాదన.

“అది కూడా ఇంట్లోనే ఉంది కదా మాస్టారూ. పక్కింటికి పోలేదుగా,” అనేది.

పోయినేడాది వేసవి సెలవుల్లో మాస్టారు తొమ్మిది రోజులు కూర్చుని మూడువందల పన్నెండు సీడీలనూ వాటి వాటి డబ్బాల్లోకి చేర్చి, నంబర్లు అంటించి, హాల్లో అరల్లో సర్దారు. ఆవిడ గుమ్మంలో నిలబడి అన్నిటినీ ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది.

“పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ముస్తాబు లేదు,” అంది. “ఇంత కష్టపడ్డారు కాబట్టి అన్నీ ఒక్కసారి వింటాను. అన్నీ అయ్యేదాకా విన్నదాన్ని మళ్ళీ ముట్టుకోను. సరేనా?”

“విన్నాక దాని డబ్బాలో పెడతావా?”

“అదిగో, మళ్ళీ కొత్త షరతులు.”

ఆ మర్నాడే ఎనభై ఎనిమిదో నంబరుతో మొదలుపెట్టింది. ఎనభై ఎనిమిదో డబ్బా ఖాళీగా గూట్లో మిగిలింది. రెండో రోజుకల్లా తొమ్మిది రోజుల పని ఊడడం మొదలయింది.

ఐదో రోజు సాయంత్రం మాస్టారు అరవై రెండో డబ్బా తెరిచారు. డబ్బా మీద జోలపాటలు. లోపల బ్యాండు మేళం. ఎప్పటిలాగే డ్రైవులో పెట్టబోయి ఆగారు.

ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి మోగిన రోజు ఆయనకు గుర్తుంది. స్కూలు వార్షికోత్సవానికి ముందు రోజు హెడ్మాస్టరు గారి కట్టుడు పళ్ళ పై వరస విరిగింది. మర్నాడు ఆయన నలభై నిమిషాలు మాట్లాడాలి. మాస్టారే వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. భార్య ఆయన్ను పని గదిలో కుర్చీలో కూర్చోబెట్టి ముక్కలు అతికించడం మొదలుపెట్టింది. ప్లేయర్లో బ్యాండు మేళం ఇల్లెగిరిపోతోంది. పళ్ళు లేని హెడ్మాస్టరు మాట్లాడే ప్రయత్నం మానుకుని, బుగ్గలు పూరించి బాకా ఊదినట్టు చూపించి, వేలు అడ్డంగా ఆడించారు. ఆవిడకు అర్థమైంది. బ్యాండు తీసేసి జోలపాటలు పెట్టింది. హెడ్మాస్టరు పది నిమిషాల్లో కుర్చీలోనే నిద్రపోయారు. ఆ సంగతి మాస్టారు స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత సెలవు అడిగినప్పుడల్లా ఆయనకు దొరికేది.

బ్యాండు తీసి జోలపాటలు పెట్టింది. జోలపాటల డబ్బాలో ఉన్నది బ్యాండు.

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. ఏ డబ్బా తెరిచినా, దానిలో ఉన్నది ఆ డబ్బా సీడీకి సరిగ్గా ముందు ఆవిడ విన్నది. ఆ ముందటిదాని డబ్బా తెరిస్తే దానికి ముందు విన్నది ఉంటుంది. ఒకటి పట్టుకుని వెనక్కి వెళితే ఎనభై ఎనిమిది దాకా పోవచ్చు. తలుపు వేసుకుని ఏం వినేదో ఆయన ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. అడగకపోయినా ఆవిడ వరస తప్పకుండా డబ్బాల్లో పెట్టి వెళ్ళింది. ఆయన దాన్ని చిందరవందర అన్నారు.

దుప్పటి వైపు చూశారు. అరవై ఒక్క సీడీలు వాటి వాటి చీటీల మీద, తప్పు లేకుండా, మెరుస్తున్నాయి. ఏది ఏ డబ్బాలోంచి వచ్చిందో ఆయనకు తెలియదు.

ఫోను తీశారు.

“నేనొక తప్పు చేశాను.”

“నువ్వా?” అంది మరదలు. “ఆగాగు, తేదీ రాసుకుంటాను.”

అరగంటలో వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొత్తం విని, నడుం మీద చేతులు పెట్టుకుని, దుప్పటినీ బావనూ మార్చి మార్చి చూసింది.

“ఇది ప్రతి సీడీనీ ఏ నిమిషంలో కాపీ చేసిందో రాసి పెట్టుకుంటుంది. ఆ పట్టీ ఉంది. నువ్వు డబ్బాలు ఏ వరసలో తీశావు?”

మాస్టారికి ప్రశ్న అర్థం కాలేదు. “ఒకటి, రెండు, మూడు.”

“మధ్యలో ఎక్కడా చేతికందింది తీయలేదూ? నడుం నొప్పి అని కింది అర ముందు చేయడం గట్రా?”

“ఒకటి, రెండు, మూడు,” అన్నారు మాస్టారు మళ్ళీ, ఈసారి కొంచెం నొచ్చుకుని.

మరదలు సోఫాలో కూలబడింది. “నీ చాదస్తం ఇన్నేళ్ళకు ఒక పనికొచ్చింది బావా. పట్టీలో ఎన్నోదో ఆ నంబరు డబ్బాలోంచి వచ్చినట్టే.”

మిగిలిన డబ్బాలను ఆ తర్వాతి రోజుల్లో ఇద్దరూ కలిసి తెరిచారు. డబ్బా నంబరు, లోపలి నంబరు, రెండు గడులు గీసి మాస్టారు రాశారు. అంతా రాశాక తెలిసింది, ఏ డబ్బాలోనూ లేని సీడీ ఒకటి ఉందని: రెండువందల డెబ్బై ఒకటి, పడవ పాటలు. అది ఎక్కడుండాలో ఇద్దరికీ తెలుసు. మాస్టారు పని గది తలుపు తీశారు. బల్ల మీద ప్లాస్టర్ పొడి అలాగే ఉంది. ఎవరివో సగం పూర్తయిన కింది పళ్ళు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. ప్లేయర్ మీట నొక్కితే అర బయటికి వచ్చింది. అందులో పడవ పాటలు ఉన్నాయి.

అక్కణ్ణుంచి వెనక్కి పట్టుకుపోతే ఎక్కడా తెగలేదు. రెండువందల పధ్నాలుగు సీడీలు, ఎనభై ఎనిమిదితో మొదలై రెండువందల డెబ్బై ఒకటితో ముగిసే జాబితా. మిగతా తొంభై ఎనిమిదీ వాటి సొంత డబ్బాల్లోనే ఉన్నాయి.

మరదలు జాబితాను పెట్టెలోకి ఎక్కించి, కింద కూర్చుని, పేర్లు పైకి చదవడం మొదలుపెట్టింది.

“ఇదేంటి, వరసగా ఆరు డ్యాన్సువి?”

మాస్టారు లెక్క వేశారు. “నేను పిల్లలతో కొండల యాత్రకు వెళ్ళాను. ఆరు రోజులు.”

“పండగ చేసుకుందన్నమాట. మరి ఇక్కడ? పది దాకా అన్నీ ఒకే ముసలాయనవి. వింటుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది.”

మాస్టారు ఈసారి లెక్క వేయలేదు. “రిపోర్టు వచ్చిన వారం,” అన్నారు. “నాకు పదిరోజుల తర్వాత చెప్పింది.”

మరదలు ఆపైన చాలాసేపు మనసులోనే చదువుకుంది. చివరి పేజీకి వచ్చాక తలెత్తింది.

“పడవ పాటలు ఎప్పటివి?”

“గదిలోకి వెళ్ళడం మానేసిన రోజువి. ఫిబ్రవరి తొమ్మిది.”

“ఆ తర్వాత ఐదు వారాలు ఉంది కదా. మంచం పక్కన ఆ బుల్లి ప్లేయర్ పెట్టావు. రోజూ ఏదో ఒకటి వింటూనే ఉండేది. అవేవీ?”

మాస్టారికి చెప్పడానికి ఉన్నది చాలా చిన్నది.

ఆ ఐదు వారాలూ సీడీలు మార్చింది ఆయన. ఆవిడ మంచం మీద నుంచి ఆయన అంటించిన నంబర్లతోనే అడిగేది: “మాస్టారూ, నూట నలభై.” “మాస్టారూ, ముప్ఫై మూడు.” ఇంకా విననివాటిలోంచే అడిగేది. ఆయన వెళ్ళి ఆ నంబరు డబ్బా తెచ్చేవారు. తెరిస్తే ప్రతిసారీ సరైన సీడీయే ఉండేది. ఇన్నాళ్ళకు తన పద్ధతి ఫలించిందని అప్పట్లో కొంత గర్వపడ్డారు కూడా. పాట అయిపోయాక దాన్ని అంచులు పట్టుకుని తీసి, దాని డబ్బాలోనే పెట్టి, దాని అరలోనే పెట్టేవారు. ఒక్కటీ తప్పలేదు. విన్నవీ విననివీ ఇప్పుడు తొంభై ఎనిమిదీ ఒక్కలాగే ఉన్నాయి.

“నంబర్లు గుర్తున్నాయా?” అంది మరదలు మెల్లగా.

“రెండు.”

“ఏ పాటో కూడా గుర్తులేదా బావా? నువ్వక్కడే ఉన్నావుగా?”

“నేను వంటింట్లో ఉండేవాణ్ణి. గిన్నెలు కడిగేవాణ్ణి.”

ఏడు సముద్రాల లోతులూ అడక్కుండా చెప్పగల మనిషి.

శనివారం సీడీలు లైబ్రరీకి వెళ్ళాయి. లైబ్రేరియన్ కళ్ళజోడు సవరించుకుని మూడువందల పన్నెండు డబ్బాలూ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. రెండు గంటలు పట్టింది.

“ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి సేకరణ చూళ్ళేదండీ,” అన్నాడు చివరికి. “ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు.”

“అవునండీ,” అన్నారు మాస్టారు, నేరం ఒప్పుకున్నట్టు.

ఇంటికొచ్చి, వంటింట్లో బల్ల ముందు కూర్చుని, కాగితం మీద తొంభై ఎనిమిది నంబర్లు రాసుకున్నారు. నూట నలభై, ముప్ఫై మూడు పక్కన టిక్కు పెట్టారు. మిగిలినవాటిలో మొదటిదాన్ని ఫోనులో నొక్కారు. గోడ మీది స్పీకరు మోగింది. శ్రద్ధగా, చేతులు కట్టుకుని, చివరిదాకా విన్నారు. ఏమీ గుర్తురాలేదు. రెండోది విన్నారు. తీగ మీటిన చప్పుడు, పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా వినిపిస్తున్నాయి. మరదలు చెప్పింది నిజమే, ఏదీ పోలేదు. కానీ ఆయన ఎప్పుడూ విననివన్నీ కూడా అందులో ఉన్నాయి. అలా వారం గడిచింది. పదకొండు సీడీలు విన్నారు. పదకొండింటి పక్కనా ఏ గుర్తూ పెట్టలేకపోయారు.

తర్వాతి ఆదివారం పన్నెండోదాన్ని నొక్కబోతూ ఆగారు. వంటింటి స్పీకరు కట్టేశారు. పడకగదిలోది తెరిచారు. వెళ్ళి ఆ గది తలుపు ముప్పాతిక వరకు దగ్గరికి వేశారు, అప్పట్లో ఉన్నంతే. తిరిగొచ్చి సింకు ముందు నిలబడ్డారు. గిన్నెలు కడిగేసి ఉన్నాయి. వాటినే అరలోంచి దించి, కుళాయి తిప్పి, మొదటి నుంచి కడగడం మొదలుపెట్టారు.

నీళ్ళ చప్పుడులో పాట సగమే వస్తోంది. పాట కూడా కాదు, ఏదో లావుపాటి వాద్యం, గోడ అవతల ఎవరో నిదానంగా నడుస్తున్నట్టు. ఆయన దాన్ని వినలేదు. పళ్ళెం వెనక వైపు తోముతున్నారు. గ్లాసులు అయ్యాయి. గరిటె చేతిలోకి తీసుకున్నారు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి కుళాయి కట్టేసింది.

అవతల నిశ్శబ్దం. గరిటె పట్టుకుని, మెడ అటు తిప్పి, ఊపిరి బిగబట్టి మాస్టారు నిలబడ్డారు. నాలుగైదు క్షణాల తర్వాత ఆ వాద్యం మళ్ళీ మొదలయింది. మధ్యలో విరామం ఉన్న పాట అది.

ఆ రోజు కూడా ఇక్కడే, ఇలాగే కుళాయి కట్టేశారు. పిలిచిందేమో అనుకున్నారు. చేతులు తుడుచుకుని వెళ్ళి చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. “పిలవలేదు మాస్టారూ. పాటే కాస్త ఆగింది. వెళ్ళి మీ అంట్లు చూసుకోండి,” అంది.

తడిచేత్తోనే కాగితం మీద టిక్కు పెట్టారు. సిరా పారింది. పక్కన ఇంకో టిక్కు పెట్టారు.

“బావా!” గుమ్మంలో మరదలు. ఎప్పుడొచ్చిందో ఆయన చూడలేదు. “పాట పడగ్గదిలో పెట్టి నువ్విక్కడేం చేస్తున్నావు? అవి కడిగిన గిన్నెలు కదూ?”

“అవును.”

“ఎందుకు కడుగుతున్నావు?”

“ఎదురుగా కూర్చుంటే గుర్తు రావడం లేదు,” అన్నారు మాస్టారు. “ఇది విన్నది. నలభై తొమ్మిది.”

మరదలు కాగితం వైపు చూసింది. తర్వాత పడకగది వైపు చూసింది. బల్ల దగ్గరికొచ్చి వేలితో వరసలు లెక్కపెట్టింది.

“ముందు విన్న పదకొండూ మళ్ళీ వినాలి. వాటితో కలిపి తొంభై అయిదు మిగిలాయి.”

“అవును.”

“నీ వంటెంత, నీ సంసారమెంత. నాలుగు పళ్ళేలు, మూడు గ్లాసులు. సీడీ సగం కాకముందే అయిపోతాయి.” సంచి కుర్చీకి తగిలించింది. “ఉండు, మా ఇంట్లో నిన్నటి అంట్లున్నాయి. పట్టుకొస్తాను.”

“బరువేమో?”

“స్కూటరుంది,” అంది మరదలు. అప్పటికే వీధి గుమ్మం దగ్గరుంది.

మాస్టారు గరిటె కింద పెట్టి, పాటను ఆపి, ఆమె వచ్చేదాకా సింకు శుభ్రం చేసి ఉంచారు.